పల్నాటి ఓవర్‌హ్యాండ్

ఆ ఆదివారం పొద్దున గులాం మొహిద్దీన్ ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కూతురు హీనా లేచి, పెరట్లో దూలానికి వేలాడే గోతం సంచిని కాసేపు గుద్ది ఒళ్ళు వేడి చేసుకోవాలి. తరవాత రెండు ఇడ్లీలు తిని, కోచ్ నాగేశ్వరరావు వెంట నరసరావుపేట బస్టాండుకి పోయి సత్తెనపల్లి బస్సెక్కాలి. అక్కడ ఒక కల్యాణమండపంలో జిల్లా బాక్సింగ్ సెలెక్షన్లు. ఇందులో గొడవ కావడానికి ఏముంది చెప్పండి. ఇడ్లీ పిండి కూడా ముందురోజే రుబ్బి పెట్టారు.

కాకపోతే హీనాకి అది మామూలు సెలెక్షను కాదు. తల్లి జరీనా ఒక షరతు పెట్టింది. ఇందులో నెగ్గితే రాష్ట్ర పోటీలకి పంపిస్తుంది, ఓడితే గ్లౌజులు అటకెక్కాలి, మళ్ళీ ఆ మాట ఇంట్లో వినపడకూడదు. జరీనాకి కూతురి మీద కోపమేమీ లేదు, కూతురి ముక్కు గురించే బెంగ. హీనా సరేనంది. అలా ఒప్పుకున్న దగ్గర్నుంచి పిల్లకి అన్నం సయించడం లేదు.

హీనా పొట్టిది. ఈ మాట ఆమె ఎదురుగా అన్నవాళ్ళు ఒకసారే అన్నారు. ఆమె బరువు విభాగంలో మిగతా పిల్లలంతా అదే బరువుని పొడుగునా సర్దుకుంటే, ఈమె దగ్గర అది బిగించి కట్టిన దూది మూటలాగా ఉంటుంది. పొడుగువాళ్ళ చేతులు ముందే వచ్చి మొహానికి తగులుతాయి, పొట్టివాళ్ళ చేతులు సగం దారిలో ఆగిపోతాయి. ఈ అన్యాయానికి బాక్సింగులో ఒక విరుగుడుంది. దాని పేరు ఓవర్‌హ్యాండ్. ఎదుటివాళ్ళు చెయ్యి చాచి తిన్నగా గుద్దుతుంటే, ఆ చేతి మీదుగా గోడ దూకినట్టు దూకి అవతల కణత మీద దిగే గుద్దు అది. ముందు తల పక్కకి తప్పుకోవాలి, బరువు ఎడమ కాలి మీదికి రావాలి, మోచెయ్యి పైకి లేవాలి, పిడికిలి అన్నిటికంటే ఆఖర్న రావాలి. తగిలితే అది ఎటునుంచి వచ్చిందో పడిపోయినవాళ్ళకి తెలియదు. తగలకపోతే మాత్రం కొట్టినవాళ్ళే గిర్రున తిరిగి ఎదుటివాళ్ళకి వీపు అప్పగిస్తారు.

నాగేశ్వరరావుకి ఓవర్‌హ్యాండ్ అంటే ప్రాణం. ఒకప్పుడు మిలిటరీలో బాక్సింగు చేసిన మనిషి, ఇప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. ఏ దేశంవాళ్ళు దాన్ని ఎలా కొడతారో చెప్పడం మొదలుపెడితే ఎదుటివాళ్ళ టీ చల్లారిపోవలసిందే. రష్యావాళ్ళది గాలం విసిరినట్టుంటుందట, భుజం ముందుపోతే చెయ్యి వదులుగా దాని వెనక వస్తుందట. మెక్సికోవాళ్ళు ముందు దగ్గరికి చొరబడి, డొక్కలో ఒకటిచ్చి, ఎదుటివాడి చేతులు కిందికి దిగాక ఒళ్ళు పక్కకి వాల్చి పైనుంచి దించుతారట. అమెరికావాళ్ళు తొందరపడరట, ఎదుటి చెయ్యి ఎప్పుడు చాస్తారా అని కాచుకుని, చాచిన క్షణంలోనే దాని మీదుగా పంపిస్తారట.

అక్కడితో ఆగితే ఆయన నాగేశ్వరరావు ఎందుకవుతాడు. మాచర్లవాళ్ళు ఎదుటివాడి మాట పూర్తికాకముందే కొడతారట, గురజాలవాళ్ళు కొట్టాకే మాట మొదలుపెడతారట. సత్తెనపల్లివాళ్ళు ఎక్కడ కొట్టబోతున్నారో ముందు అటు చూస్తారు గనక తప్పించుకోవడం తేలికట. కృష్ణ దాటితే కొట్టబోయేముందు చుట్టుపక్కలవాళ్ళని సాక్ష్యానికి పిలుస్తారట. హీనాది మాత్రం అచ్చంగా రష్యా స్టైలనీ, దాన్ని తనే ఫోన్లో వీడియోలు చూసి, దగ్గరుండి నేర్పించాననీ జిల్లా అంతా చెప్పుకున్నాడు. గొప్పలు చెప్పుకుంటే చెప్పుకున్నాడుగానీ, ఆ పిల్ల గుద్దు నిజంగానే చూడముచ్చటైనది. చూసినవాళ్ళు ఇంకోసారి కొట్టమ్మా అని అడిగేవాళ్ళు.

ఇక అసలు సంగతి. గులాం మొహిద్దీన్‌ది పరుపుల కొట్టు. గడ్డకట్టిన పాత దూదిని జరీనా బెత్తంతో కొట్టి పొడిపొడిగా విడదీస్తే, ఆయన కొత్త గుడ్డలో కూరి కుడతాడు. కూతురు గుద్దే సంచి చివికిపోయి, లోపల దూది రాయిలాగా అయిందని శనివారం సాయంత్రం ఆయనకి కనపడింది. సెలెక్షన్ ముందు పిల్ల చేతులు కమిలిపోతాయని గాభరాపడి, మంచి దూది తీశాడు. గట్టి గోతాలు కావాలంటే నాగేశ్వరరావు కోల్డ్ స్టోరేజీ నుంచి రెండు ఖాళీ మిరపకాయ గోతాలు తెచ్చిచ్చాడు. వాటి మీద ఏదో వ్యాపారి పేరు పెద్ద అక్షరాల్లో అచ్చేసి ఉంది. నా బిడ్డ కొట్టే సంచి మీద ఇంకొకడి పేరెందుకని, మొహిద్దీన్ పరుపు గలీబులాగే వాటినీ తిరగేసి కుట్టాడు. పేరు లోపలికి పోయింది. లోపలున్న కారం దుమ్ము పైకొచ్చింది.

వాసన రాలేదా అంటారేమో. మిరపకాయల కాలంలో ఊరు ఊరంతా అదే వాసన. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ గాలే పీల్చినవాళ్ళకి అది వాసన కిందికి రాదు. నాగేశ్వరరావు ముక్కయితే కోల్డ్ స్టోరేజీలో చేరిన కొత్తల్లోనే పనిచెయ్యడం మానేసింది.

తెల్లవారుజామున హీనా గ్లౌజులు తొడుక్కుని సంచి మీద పడింది. నాగేశ్వరరావు సంచిని వాటేసుకుని పట్టుకున్నాడు, మొహిద్దీన్ తను కుట్టిన కుట్లు నిలుస్తాయో లేదోనని దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పిల్ల ఓవర్‌హ్యాండ్ దిగినప్పుడల్లా దూలం కిర్రుమంటోంది. కాసేపటికి నాగేశ్వరరావుకి కళ్ళు చెమర్చాయి. ఇంత అందమైన గుద్దు చూస్తే ఏ కోచ్‌కైనా అంతే గదా అనుకున్నాడు. మొహిద్దీన్‌కీ నీళ్ళు తిరిగాయి. కన్నకూతురు గదా అనుకున్నాడు. చెమట తుడుచుకోబోయి గ్లౌజుతో మొహం రుద్దుకున్న హీనాకి మాత్రం కళ్ళు భగ్గుమన్నాయి.

సరిగ్గా అప్పుడే జరీనా ఇడ్లీల పళ్ళెంతో పెరట్లోకొచ్చింది. చూస్తే ముగ్గురూ సంచి చుట్టూ చేరి వలవలా కన్నీళ్ళు కారుస్తున్నారు. ఇవ్వాళ హీనాతో తలపడే పిల్ల ఎంత ఘోరమైనదో, కోచే ఏడుస్తున్నాడంటే ఇక పిల్ల గతేంది అనుకుంది. భయమేమీ లేదమ్మా అని హీనా ముక్కు ఎగబీలుస్తూ చెప్పేసరికి ఆ కాస్త నమ్మకమూ పోయింది. "ఏడ్చుకుంటా పోయి తన్నులు తినేదేంది? నేనూ వస్తుండా. అక్కడ నా బిడ్డకి దెబ్బ గట్టిగా తగిలిందంటే మధ్యలోనే లాక్కొచ్చేస్తా," అని పళ్ళెం అక్కడే పెట్టి చెప్పులేసుకుంది. ఆమె వెనకే మొహిద్దీనూ బయల్దేరాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అదే కొంప ముంచింది. చెమటకి తడిసిన గ్లౌజులు ఆరతాయని హీనా వాటిని కిటికీ చువ్వకి తగిలించింది. బస్సు ఊరు దాటి వేగం అందుకోగానే గాలి వాటిని శుభ్రంగా దులిపి, ఆ దులిపినదంతా లోపలికి పంపించింది. ముందు నలుగురూ ముక్కులు చీదారు, తరవాత వాళ్ళ వెనక వరస, ఆ తరవాత కండక్టరు. వెనక సీట్లో అంజమ్మ అనే పెద్దావిడ ఉంది. సత్తెనపల్లిలో మొహిద్దీన్ అక్క మహమూదా ఇంటి పక్కనే ఆవిడ ఇల్లు. మొహిద్దీన్ కుటుంబమంతా ఏడుస్తూ పోతోందని ఆవిడ చూసింది. చూస్తుండగానే తన కళ్ళూ కారడం మొదలయ్యేసరికి, వాళ్ళ దుఃఖం తనని ఇంతగా కదిలించిందా అని ఆశ్చర్యపోయింది.

బస్సులో నలుగురి మధ్య ఎవరు పోయారమ్మా అని అడిగే మనిషి కాదు అంజమ్మ. అలా అడగటం పద్ధతి కాదు. అందుకని గుట్టుగా మహమూదాకి ఫోన్ చేసి, మీ తమ్ముడివాళ్ళు ఇట్టా వస్తున్నారు, అడగడానికి నాకు నోరు రాలేదు అని చెప్పింది. మహమూదా తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన ఎత్తి అక్కా అన్నాడు, అంతలో దగ్గుతెర వచ్చి గొంతు పూడుకుపోయింది, ఆ పైన అవతలికి వినిపించినవన్నీ వెక్కిళ్ళే. మహమూదాకి ఇక అనుమానం మిగల్లేదు. రెంటచింతలలో జరీనా తల్లి పెద్ద వయసు మనిషి, ఎండలేమో మండిపోతున్నాయి. ఆవిడే పోయి ఉంటుందని తేల్చుకుని, అన్నం వండించి, మంచినీళ్ళ క్యాను వేసుకుని, చుట్టాల్ని ఆటోలెక్కించింది. వీళ్ళు కల్యాణమండపం దగ్గర దిగారని అంజమ్మ మళ్ళీ కబురు చెప్పింది. ఏడ్చేవాళ్ళకి కల్యాణమండపంలో పనేమిటని మహమూదా ఆగి ఆలోచించలేదు.

మండపంలో నిర్వాహకుల గ్లౌజులు తెచ్చే బండి రాలేదు. ఎవరి గ్లౌజులు వాళ్ళు వేసుకోండి, ముందు నాకు చూపించండి అన్నాడు సెలెక్షన్ పెద్దాయన. హీనా గ్లౌజుల్ని తిప్పి చూశాడు, నొక్కి చూశాడు, బాగున్నాయన్నాడు. ఎర్ర గ్లౌజు మీద ఎర్ర దుమ్ము ఎవరికి కనపడుతుంది? ఎదుటిపిల్ల పేరు సుకన్య, విజయపురి సౌత్ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న అక్కడ ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగి, కూతురికి కోచ్ కూడా ఆయనే. ఆ పిల్ల పొడుగు చూసి జరీనా కుర్చీలో కూలబడింది.

అప్పుడు దిగాయి ఆటోలు. మహమూదా లోపలికి వస్తూనే జరీనాని కావలించుకుని బావురుమంది. వెంట వచ్చినవాళ్ళంతా అందుకున్నారు. పెళ్ళి మేళాలు తప్ప ఏడుపులు ఎరగని ఆ మండపం దద్దరిల్లిపోయింది. పెద్దాయన కనుక్కుంటే, పాపం ఆ పిల్ల అమ్మమ్మ పోయిందంట అన్నారు. ఆయన ఆ మాట సుకన్య నాన్న చెవిలో వేశాడు. ఆ తండ్రి మంచివాడు, కూతురితో మొదటి రౌండు కాస్త మెల్లగా ఆడమ్మా, పుట్టెడు దుఃఖంలో వచ్చింది అని చెప్పాడు. ఈలోగా జరీనా గాభరాగా రెంటచింతలకి ఫోన్ చేస్తే, పోయిందన్న ఆవిడే ఎత్తి, టిఫిన్ చేస్తున్నాను తరవాత మాట్లాడతానని పెట్టేసింది. ఏడుపులు ఆగిపోయాయి. కానీ గంట మోగింది, ఆ సంగతి సుకన్య నాన్నకి చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

మొదటి రౌండులో సుకన్య నెమ్మదిగానే ఆడినా, ఆ పొడుగు చెయ్యి హీనాని దగ్గరికి రానివ్వలేదు. హీనా వేసిన ఓవర్‌హ్యాండ్లు గాలిని కొట్టాయి. ఒకసారి పూర్తిగా గిరికీ కొట్టి ప్రేక్షకుల వైపు తిరిగింది. జరీనా కొంగు నోట్లో కుక్కుకుంది. రెండో రౌండులో సుకన్య చెయ్యి మళ్ళీ చాచింది. ఈసారి హీనా తల ముందే అక్కడ లేదు. అది ఎడమ పక్కకి జారింది, కాలు నేలని పట్టింది, మోచెయ్యి లేచింది, పిడికిలి ఆ పొడుగు చేతి మీదుగా తీరిగ్గా ఎక్కి అవతల ఒక్క ఉదుటున దిగింది. ఎంత బాగుందంటే, కూర్చున్నవాళ్ళంతా తెలియకుండానే లేచి నిలబడ్డారు. సుకన్య మాత్రం నేల మీద కూర్చుంది.

కూర్చున్న పిల్ల రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని మంట మంట అని అరవడంతో అసలు గోల మొదలైంది. రెఫరీ హీనా గ్లౌజు పట్టుకుని వాసన చూశాడు. చూసి, తుమ్మి, తుమ్ముతూ పోయి తాడు పట్టుకుని నిలబడ్డాడు. సుకన్య నాన్న మంచితనం అంతటితో సరి. గ్లౌజులకి కారం పూసుకొచ్చారు, పైగా జాలి కోసం బతికున్న ముసలావిడని చంపి చుట్టాలతో ఏడిపించారు, ఇలాంటి మోసం పల్నాట్లోనే చూడలేదన్నాడు. పెద్దాయన హీనా పేరు కొట్టేస్తానన్నాడు.

మొహిద్దీన్ చేతులు కట్టుకుని, గోతాలు తిరగేసి కుట్టింది నేను, తప్పు నాది, బిడ్డది కాదు అని చెప్పాడు. ఆ గోతాలు తెచ్చింది నేనని నాగేశ్వరరావు ముందుకొచ్చాడు. అంతటితో ఊరుకోక, ఆ అమ్మాయి పడింది కారానికి కాదు, గుద్దుకి అని రుజువు చెయ్యడానికి రష్యా నుంచి మొదలుపెట్టాడు. మెక్సికో దాకా వచ్చేసరికి పెద్దాయన చెయ్యి అడ్డంపెట్టాడు. ఇంత పొట్టిపిల్ల అంత పొడుగుపిల్లని ఒక్క గుద్దుకి పడేసిందంటే నేనెట్టా నమ్మేది అన్నాడు.

హీనా గ్లౌజులు విప్పి సంచిలో పెట్టుకుంది, జిప్పు లాగింది, తల వంచుకుని తల్లి దగ్గరికొచ్చి పోదామమ్మా అంది. పొద్దున్నించీ కారంతో కారిన కన్నీళ్ళు వేరు, ఇప్పుడు పిల్ల బిగబట్టుకున్నవి వేరు. జరీనా కోరుకున్నదే జరిగింది. గ్లౌజులు అటకెక్కడానికి సిద్ధంగా ఉన్నాయి, ముక్కు చెక్కుచెదరలేదు. ఆమె సంచి అందుకుని బయటికి నడుస్తుందనే అందరూ అనుకున్నారు. ఆమె సంచి కుర్చీ మీద పడేసి పెద్దాయన ముందుకి పోయింది.

"ఓడిపోయొస్తే తీసకపోదామనే వచ్చినా సార్. దొంగని చేసి పంపిస్తే ఎట్టా తీసకపోవాల? దాన్ని రేపు కొట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటారు?" అంది. జరీనా కొంగు కుడిచేతి పిడికిలికి చుట్టుకుంటూ వెనక్కి తిరిగింది. "నాగేశ్వరరావన్నా, నువ్వు పొడుగే గదా. ఆ పిల్ల నిలబడ్డట్టు నిలబడు."

నాగేశ్వరరావు సంతోషంగా నిలబడ్డాడు. ఒక చెయ్యి చాచి, ఇంకోటి గడ్డానికి అడ్డం పెట్టుకుని, చూడండి సార్, రష్యావాళ్ళయితే ఇక్కడ అన్నాడు. ఆ వాక్యం అక్కడే ఉండిపోయింది. జరీనా తల పక్కకి జారడం అందరూ చూశారు. ఆ తరవాత చూసింది నాగేశ్వరరావు వెల్లకిలా పడి ఉండటమే. మహమూదా ఇప్పుడు నిజంగానే మనిషి పోయాడనుకుని మళ్ళీ ఏడుపందుకుంది.

ఆయన పోలేదు. కాసేపు పైకప్పు వంక చూసి, దవడ పట్టుకుని లేచి కూర్చున్నాడు. మొహంలో బాధకంటే ఆశ్చర్యం ఎక్కువుంది. ఇన్నేళ్ళూ దగ్గరుండి దిద్దానని ఊరంతా చెప్పుకున్న గుద్దు తనది కాదని ఆయనకి అప్పుడు తెలిసింది. దూది కొట్టే బెత్తం పైకెత్తినప్పుడు, పింజలు కళ్ళలో పడకుండా తల ముందు పక్కకి తప్పుకుంటుంది. ఆ తరవాత మోచెయ్యి లేస్తుంది, మణికట్టు ఆఖర్న దిగుతుంది. తల్లి పక్కన కూర్చుని అదే చూస్తూ పెరిగిన పిల్ల హీనా. "చెల్లెమ్మా, ఇది మీ ఇంటిదే. నేను సంచి పట్టుకున్నానంతే," అని కింద కూర్చునే చేతులు జోడించాడు. గొప్పలు చెప్పుకునే మనిషి అలా అనడం మొహిద్దీన్ ఎప్పుడూ వినలేదు.

ఈలోగా మహమూదా తెచ్చిన నీళ్ళ క్యాను సుకన్య కళ్ళు కడగడానికి పనికొచ్చింది. మంట తగ్గాక ఆ పిల్ల లేచొచ్చి నాన్నని పక్కకి జరగమంది. "సార్, మండింది పడ్డాక. పడింది దెబ్బకే. అది ఎటునుంచి వచ్చిందో నాకు కనపళ్ళా. ఇంకోసారి ఆడతా, ఈసారి చూడాల," అంది. ఇంత నిజాయితీ ఉన్న పిల్లని కన్నందుకు వాళ్ళ నాన్న సిగ్గుపడ్డాడో, గర్వపడ్డాడో తెలియదుగానీ పక్కకి జరిగాడు. అంతలో గ్లౌజుల బండి వచ్చింది. పెద్దాయన కొత్త గ్లౌజులు వాసన చూసి మరీ ఇద్దరికీ తొడిగించి, ఆగిన ఆటని మళ్ళీ మొదటినుంచి పెట్టించాడు.

సుకన్య ఈసారి జాలిపడలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని, హీనా కుడి భుజాన్నే చూస్తూ ఆడింది, బాగా ఆడింది. హీనా ముక్కు మీద రెండు తగిలాయి. మధ్యలోనే లాక్కొచ్చేస్తానన్న జరీనా కుర్చీ ఎక్కి నిలబడి, "తల ముందు తియ్యి, తల!" అని అరుస్తోంది. ఆఖరి రౌండులో ఆ పొడుగు చెయ్యి చాచుకుంది, తల జారింది, పిడికిలి గోడెక్కింది. సుకన్యకి అది స్పష్టంగా కనపడింది. కనపడటం వల్ల ప్రయోజనం ఏమీ లేకపోయింది. పడి లేచి, హీనాని కావలించుకుని, నాకూ నేర్పిస్తావా అని అడిగింది.

రాష్ట్ర పోటీలకి హీనా పేరు చదివినప్పుడు మహమూదా బృందం మళ్ళీ ఏడ్చింది, ఈసారి ఎవరూ కారణం అడగలేదు. పరామర్శకని వండి తెచ్చిన అన్నం సుకన్యతో సహా అందరూ కూర్చుని తిన్నారు. వాచిన ముక్కుకి తడిగుడ్డ అద్దుతూ, ఆ పోటీలు ఎక్కడ, మనం ఎప్పుడు బయల్దేరాలి అని జరీనా కూతుర్ని అడిగింది. హీనా రెండోసారి అన్నం పెట్టించుకుంది.

సీనియర్ మహిళల విభాగంలో ఒక ఖాళీ ఉందని, జరీనా బరువెంతో కనుక్కుందామని సెలెక్షన్ పెద్దాయన లేచాడుగానీ, నాగేశ్వరరావు దవడ వంక చూసి మళ్ళీ కూర్చున్నాడు.